ఇంట్లో చేసుకునే మెక్సికన్ మసాలా పొడి: గుంటూరు, విజయవాడ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టాకోలు, బరిటోలు (రొట్టెలో కూర పెట్టి మడిచి తినేవి), రాజ్మా చిల్లీ లాంటివి ఇంట్లో చేద్దామనుకున్న వాళ్లకి మొదట అడ్డమొచ్చేది ఆ చిన్న మసాలా ప్యాకెట్. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ ధర చూశాక గుంటూరులో ఉండి మిరప పొడిని ఇంత పెట్టి కొనాలా అనిపిస్తుంది. అందులో పడే సరుకు చాలావరకు మన వంటింట్లోనే ఉంది. లేనివాటికి ఏం చేయాలి, ఉన్నవాటితో మన చెయ్యి అలవాటు కొద్దీ ఎక్కడ దారి తప్పుతుంది అన్నదే ఇక్కడి గొడవంతా. చుట్టాలు, పక్కింటివాళ్లు, తెలిసినవాళ్లు అడుగుతూ వచ్చినవి ఒకచోట పెట్టాను.

అసలు ఇది మెక్సికో వాళ్ల మసాలాయేనా?

పూర్తిగా కాదు. ప్యాకెట్లో వచ్చే టాకో మసాలా ఎక్కువగా అమెరికాలోని టెక్సాస్ వైపు పుట్టిన అలవాటు. 1890ల్లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు అక్కడి న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊళ్లో ఎండుమిరప పొడి తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు, మిరపకాయలు దొరకని కాలంలో కూడా ఆ రుచి చేతికందింది. మెక్సికోలో ఇళ్లల్లో ఇప్పటికీ ఎక్కువగా చేసేది వేరు: ఎండుమిరపకాయల్ని పెనం మీద కాస్త కాల్చి, వేడినీళ్లలో నానబెట్టి, టమాటా, వెల్లుల్లి వేసి ముద్దగా నూరతారు. నూరడానికి మోల్కహేతె అని మూడు కాళ్లున్న రాతి రోలు కూడా ఉంటుంది. ఆ లెక్కన మన రోటి పచ్చడి చేసే వాళ్లకి అసలు మెక్సికో పద్ధతే దగ్గర. కానీ మంగళవారం రాత్రి ఎనిమిదింటికి పిల్లలు అడిగినప్పుడు చేసిపెట్టాలంటే పొడే పనికొస్తుంది, అందుకే ఈ పేజీ.

ఇంకో సంగతి, మిరపకాయ మన దగ్గరికి వచ్చిందే అటునుంచి. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చేదాకా ఇక్కడ కారమంటే మిరియాలే. జీలకర్రేమో స్పెయిన్ వాళ్లతో మెక్సికో చేరింది. కాబట్టి ఎవరి మసాలా ఎవరిదని మరీ పట్టుబట్టక్కర్లేదు.

గుంటూరు కారమే వేసి చేసుకోవచ్చు కదా?

అందరూ అడిగేది ఇదే. వేసుకోవచ్చు, కానీ అప్పుడు వచ్చేది కూర కారం, ఈ మసాలా కాదు. ఇందులో మిరప పని మండించడం కాదండి, రుచీ రంగూ చిక్కదనం ఇవ్వడం. మెక్సికోలో పొబ్లానో అనే లావుపాటి మిరపని బాగా పండనిచ్చి ఎండబెడితే దాన్ని ఆంచో అంటారు. నల్లగా, ముడతలు పడి, కాస్త ఎండుద్రాక్ష తీపితో ఉంటుంది. దాని ఘాటు స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000 దాకా. గువాహియో అనే ఇంకో రకం 2,500 నుంచి 5,000. మన గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000 దగ్గర ఉంటుంది, తేజ రకమైతే ఇంకా చాలా పైన. అంటే ఆంచో నాలుగు చెంచాలు పడే చోట మన కారం నాలుగు చెంచాలు వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

సరే అని మన కారం అర చెంచాకి తగ్గించారనుకోండి, మంట సరిపోతుంది గానీ పొడిలో మిరప అన్నదే ఉండదు, జీలకర్ర ఒక్కటే పైకి వస్తుంది. చాలామంది ఈ రెండింటి మధ్యే తిరుగుతూ "ప్యాకెట్ రుచి రాలేదు" అంటారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న కాయని ధారాళంగా వేసుకోవాలి, గుంటూరు కారాన్ని మాత్రం చివర్లో రుచి చూసుకుంటూ కొద్దికొద్దిగా కలుపుకోవాలి. గుంటూరు వాళ్లకి కారం తగ్గించమంటే మర్యాద తక్కువ చేసినట్టు అనిపిస్తుందని నాకూ తెలుసు. ప్లేటులో పక్కన కారం ఎక్కువున్న సల్సా (వాళ్ల టమాటా పచ్చడి) పెట్టుకోండి, ఎవరు కాదన్నారు.

అయితే ఏ కాయ కొనాలి? ఎక్కడ?

బ్యాడిగి. కర్ణాటక రకమే అయినా దాని పోలికలున్న రకాలు మన వైపు కూడా పండిస్తున్నారు, గుంటూరు మిర్చి యార్డుకీ వస్తాయి. తోలు మీద ముడతలుంటాయి, రంగు ఎక్కువ, సన్నం కంటే ఘాటు బాగా తక్కువ. యార్డులో టిక్కీల (పెద్ద బస్తాల) లెక్కన అమ్ముతారు కాబట్టి అరకిలో కోసం అక్కడికి వెళ్లి లాభం లేదు. గుంటూరులో పట్నం బజారు కిరాణా కొట్లలోనో, విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కలో అడిగితే విడిగా ఇస్తారు. వరంగల్ వైపు బంధువులుంటే చపాటా మిరప తెప్పించుకోండి. టమాటా మిర్చి అని కూడా అంటారు, లావుగా, ఎర్రగా, ఘాటు లేకుండా ఉంటుంది, 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నన్నడిగితే ఆంచో స్థానంలో బ్యాడిగి కంటే ఇదే బాగుంటుంది.

ఏదీ దొరక్కపోతే కశ్మీరీ మిరప పొడి ప్యాకెట్ చాలు.

కాయలు కొనేటప్పుడు తాలుకాయలు ఏరేయండి, తెల్లబడిన వాటికి రంగూ ఉండదు, రుచీ ఉండదు. ముచ్చికలు తీసి, కాయ చీల్చి, గింజలతో పాటు లోపలి తెల్లటి ఈనె కూడా తీసేస్తే ఘాటు ఇంకా దిగుతుంది. ఘాటు ఎక్కువగా ఉండేది ఆ ఈనెలోనే, గింజలకి అంటుకున్నది కూడా దాన్నుంచి వచ్చిందే.

కొలతలు చెప్పండి చాలు.

పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా అంటే 5.

బ్యాడిగి లేదా కశ్మీరీ మిరప పొడి నాలుగు పెద్ద చెంచాలు, వేయించి కొట్టిన జీలకర్ర పొడి రెండు పెద్ద చెంచాలు, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఎండు ఒరెగానో ఒక్కో పెద్ద చెంచా, ధనియాల పొడి, మిరియాల పొడి ఒక్కో చిన్న చెంచా. గుంటూరు కారం అర చిన్న చెంచాతో మొదలుపెట్టండి. బెల్లం పొడి అర చిన్న చెంచా, ఆంచోలో ఉండే ఆ కొద్దిపాటి తీపి కోసం. ఉప్పు ఒక పెద్ద చెంచా, అదీ వేయాలనుకుంటేనే. అన్నీ కలిపితే వంద గ్రాములు పట్టే చిన్న సీసా నిండుతుంది.

నేనైతే ఉప్పు సీసాలో కలపను. వండేటప్పుడే వేస్తే బీపీ ఉన్నవాళ్లకి వేరుగా తీయడం సులువు, ఇదే పొడిని పెరుగులో, మొక్కజొన్న మీద చల్లేటప్పుడు కూడా మన చేతిలో ఉంటుంది. బజారు ప్యాకెట్లలో ఉప్పుతో పాటు కార్న్‌ఫ్లోర్ లాంటి పిండి కూడా కలుపుతారు, గ్రేవీ చిక్కబడటానికి. అది కూడా సీసాలో వద్దు, అవసరమైన రోజున ఒక చిన్న చెంచా చన్నీళ్లలో కలిపి పోయండి.

జీలకర్ర వేయించాలా, పచ్చిదే కొట్టాలా?

వేయించాలి, కానీ మనం చారు పొడికి వేయించినంత కాదు. సన్న సెగ మీద వాసన రాగానే, రంగు ఒక్క ఛాయ మారగానే దింపేయండి. వేడి పెనంలోనే వదిలేస్తే దింపాక కూడా మాడుతుంది, పళ్లెంలోకి తీసేయాలి. చల్లారాకే మిక్సీ.

ఒరెగానో లేదు. వాము వేస్తే?

ఇది మంచి ప్రశ్న. మెక్సికో ఒరెగానో, పిజ్జా మీద చల్లే ఒరెగానో అసలు ఒకే మొక్క కాదు. పిజ్జా మీదది పుదీనా కుటుంబం, మెక్సికోది వెర్బెనా కుటుంబానికి చెందిన వేరే మొక్క, దానికి కాస్త నిమ్మ వాసన కూడా తోడవుతుంది. రెండింటిలోనూ ఘాటైన వాసనకి కారణం కార్వక్రాల్, థైమాల్ అనే నూనెలు. వాములో ఉండేది కూడా థైమాలే. అందుకని వాము కొంతవరకు పనిచేస్తుంది, కానీ పెద్ద చెంచా ఒరెగానో బదులు పావు చిన్న చెంచా మించకూడదు, మించితే పొడి కాస్తా అజీర్తి మందు అవుతుంది.

దానికంటే మెరుగైనది మీ బాల్కనీ కుండీలోనే ఉండొచ్చు: వామాకు. మనం బజ్జీలు వేసుకునే దళసరి ఆకే. వాసన ఒరెగానోకి చాలా దగ్గర, ఇంగ్లిషులో దాన్ని మెక్సికన్ మింట్ అనడం కూడా ఉంది. ఇబ్బంది ఏంటంటే ఆకు నిండా నీరే, ఊరికే ఆరేస్తే నల్లబడి కుళ్లుతుంది. సన్నగా తరిగి, గాలి తగిలే నీడలో ఒక రోజు ఉంచి, తర్వాత ఎండలో పెట్టండి, గలగలలాడేదాకా. చాలా ఆకులకి కొంచెమే పొడి వస్తుంది, వచ్చినది మాత్రం బాగుంటుంది.

పిజ్జాతో వచ్చే చిన్న ప్యాకెట్లు దాచిపెట్టి వాడొచ్చా అని కొందరు అడుగుతారు. చాలావాటి మీద చిన్న అక్షరాల్లో ఒరెగానో సీజనింగ్ అని ఉంటుంది, అందులో ఉప్పు, వెల్లుల్లి, మిరప ముందే కలిసి ఉంటాయి. వాడండి, కాకపోతే ఉప్పు తగ్గించండి.

వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఇంట్లో చేయొచ్చా?

మన ఎండల్లో చేయకపోతే ఇంకెక్కడ చేస్తాం. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద పల్చటి గుడ్డ కప్పి ఆరబెడితే చాలు. వెల్లుల్లి రెబ్బల్ని గోరంత మందం కంటే పల్చగా కోయాలి, ఉల్లిపాయ ఇంకా పల్చగా. విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. ఉల్లిపాయ కిలో ఆరబెడితే వంద గ్రాముల పొడి వస్తే గొప్పే, వాసనకి ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకోవడం అదనం. అందుకే నా సలహా: వెల్లుల్లి ఇంట్లో చేసుకోండి, ఉల్లి పొడి కొనేయండి. గుజరాత్‌లోని మహువా వైపు ఉల్లిపాయలు ఎండబెట్టే ఫ్యాక్టరీలే ఉన్నాయి, సరుకు శుభ్రంగానే వస్తుంది.

పచ్చి వెల్లుల్లి ముద్ద కలిపి పొడిని "తడి మసాలా"గా నూనెలో నిల్వ చేయొద్దు. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయట ఉంచితే బాట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది, రంగులో గానీ వాసనలో గానీ తేడా కూడా తెలియదు.

పసుపు? గరం మసాలా?

వద్దు. వద్దు.

అన్నీ చెప్పినట్టే వేసినా చివరికి మన కూరలాగే ఉంటోంది, ఎందుకు?

ఎందుకంటే మిరప, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి కలిస్తే అది మన కూర కారమే కదా. తేడా వచ్చేది పొడిలో కంటే వండే పద్ధతిలో. చూడండి, నూనె కాగగానే చెయ్యి ఆవాల డబ్బా మీదికి వెళుతుంది, వెనకాలే కరివేపాకు, తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద. ఈ మూడూ ఆపండి. పోపు లేకుండా ఉల్లిపాయ మాత్రం వేయించి, కైమా గానీ ఉడికించిన గింజలు గానీ వేసి నీరు ఇగిరాక పొడి చల్లండి. సన్న సెగ మీద అర నిమిషం కలిపితే చాలు, అంతకంటే ఎక్కువైతే వెల్లుల్లి పొడి మాడి చేదొస్తుంది. వెంటనే టమాటా ముద్దో, అర గ్లాసు నీళ్లో పోసి చిక్కబడనివ్వండి.

పొయ్యి కట్టేశాక నిమ్మకాయ పిండాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు, చింతపండు దీనికి బదులు కాదు. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర. కొత్తిమీర మెక్సికో వాళ్లు కూడా మనకి తీసిపోకుండా వాడతారు.

పొగ వాసన ఎలా వస్తుంది?

హోటళ్లలో తగిలే ఆ పొగ రుచి చిపోట్లేది. హాలపేన్యో అనే మిరపని పండనిచ్చి పొగబెట్టి ఎండబెడితే వచ్చే కాయ అది. ఇంట్లో చేయాలంటే బ్యాడిగి కాయల్ని చిల్లుల గిన్నెలో వేసి, అడుగున నిప్పు మీద కొబ్బరి పీచు గానీ చిప్ప ముక్కలు గానీ రాజేసి, మంట లేకుండా పొగ మాత్రమే తగిలేలా మూత పెట్టండి. ఫ్లాటుల్లో ఇది కుదరదు, పై అంతస్తు వాళ్లు దిగి వస్తారు. వాళ్ల కోసం ఇంకో దారి: వండిన కూర మధ్యలో చిన్న గిన్నె పెట్టి, ఎర్రగా కాలిన బొగ్గు వేసి, దాని మీద రెండు చుక్కల నెయ్యి వేసి ఐదు నిమిషాలు మూత పెట్టడం. ఇది పూర్తిగా మన దేశపు పద్ధతే అయినా రుచికి అడ్డం రాదు.

ఎంత కూరకి ఎంత పొడి?

పావు కిలో కైమాకి గానీ చికెన్‌కి గానీ రెండు పెద్ద చెంచాలు. ఉడికించిన రాజ్మా, అలసందలు అయితే రెండు కప్పులకి ఒకటిన్నర. పన్నీర్‌కి ఒకటి చాలు, అది పీల్చుకోదు.

మేం మాంసం తినం. దేనికి వాడుకోవచ్చు?

దీనికి మాంసం అవసరమే లేదు. రాజ్మా సరే, అలసందలతో ఇంకా బాగుంటుంది, త్వరగా ఉడుకుతాయి కూడా. నానబెట్టి గట్టిగా పిండిన మీల్‌మేకర్‌ని మిక్సీలో ఒక్కసారి తిప్పితే కైమా లాగే ఉంటుంది. వేయించిన బంగాళదుంపలు, క్యాప్సికం, పుట్టగొడుగులు ఏవైనా పర్లేదు. గట్టి పెరుగులో ఒక చిన్న చెంచా పొడి, ఉప్పు, నిమ్మరసం కలిపితే చిప్స్‌కి నంజుకోవడానికి అయిపోతుంది.

మొక్కజొన్న పొత్తు గురించి విడిగా చెప్పాలి. మెక్సికో వీధుల్లో ఎలోతె అని అమ్ముతారు, ఉడికించిన లేదా కాల్చిన పొత్తుకి మయోనెజ్ లాంటిది పూసి, చీజు తురుము, మిరప పొడి చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. మన బండి మీద కాల్చిన పొత్తుకి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దించుకుని ఇంటికి తెచ్చుకుని, దాని మీద వెన్న రాసి ఈ పొడి చల్లి చూడండి. కృష్ణా ఒడ్డున వాన పడుతుండగా అయితే మరీ మంచిది.

టోర్టిల్లాలు (మెక్సికో వాళ్ల పల్చటి రొట్టెలు) లేకపోతే చపాతీ నడుస్తుందా? మొక్కజొన్న పిండితో రొట్టె చేస్తే విరిగిపోతోంది.

చపాతీ హాయిగా నడుస్తుంది, ఉత్తర మెక్సికోలో గోధుమ టోర్టిల్లాలే ఎక్కువ. మొక్కజొన్న రొట్టె విరగడం మీ చేతి లోపం కాదు. వాళ్లు మొక్కజొన్న గింజల్ని ముందు సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టి, కడిగి అప్పుడు రుబ్బుతారు, దాంతో పిండికి జిగురొస్తుంది. మన కొట్లో దొరికే మొక్కజొన్న పిండికి ఆ పని జరగలేదు. జొన్నరొట్టె వేడి మీద మడిచి పెట్టుకున్నా బాగుంటుంది, చల్లారితే మాత్రం అదీ విరుగుతుంది.

జామకాయ మీద చల్లుకోవచ్చా?

ఈ పొడి కాదు, జీలకర్ర, వెల్లుల్లి పళ్ల మీద బాగోవు. పళ్ల కోసం మెక్సికోలో మిరప, ఉప్పు, నిమ్మ కలిపిన పొడి వేరే ఉంది, మామిడి, పుచ్చకాయ, దోసకాయ మీద చల్లుతారు. బ్యాడిగి పొడి రెండు వంతులు, ఉప్పు ఒక వంతు, ఆమ్‌చూర్ ఒక వంతు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపితే దగ్గరగా వస్తుంది. ఉప్పూకారం అద్దిన జామకాయ తిని పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి తినం. అవి లేకుండా?

రెండూ తీసేసి అర చిన్న చెంచా ఇంగువ వేసి, జీలకర్ర ఇంకో చిన్న చెంచా పెంచండి. అచ్చం అదే రుచి అనను, కానీ అలసందలతో బాగా కుదురుతుంది. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు.

ఎన్నాళ్లు ఉంటుంది? మాకు వానాకాలం రాగానే గడ్డ కడుతోంది.

గడ్డ కట్టేది ఉల్లి, వెల్లుల్లి పొడుల వల్ల, గాలిలో తేమ అంతా లాగేస్తాయి. విజయవాడ గాలికి ప్లాస్టిక్ డబ్బా ఆగదు, బిగుతు మూత ఉన్న గాజు సీసా వాడండి, పొయ్యి పక్క అరలో పెట్టకండి. మరుగుతున్న గిన్నె మీద సీసా పట్టుకుని చల్లే అలవాటు కూడా మానాలి, ఆ ఆవిరే సగం గడ్డలకి కారణం. రెండు మూడు నెలలకి సరిపడా చేసుకోవడం మంచిది. ఆ తర్వాత పాడవకపోయినా వాసన దిగిపోతుంది. పెద్ద మొత్తంలో చేస్తే కొంత ఫ్రిజ్‌లో పెట్టండి, అప్పుడు రంగు కూడా నిలుస్తుంది. మిరపకాయల్ని కోల్డ్ స్టోరేజీల్లో పెట్టడానికి ఒక కారణం అదే కదా.

గడ్డ కట్టినదాన్ని ఎండలో పెట్టి జల్లిస్తే సరిపోతుంది. బూజు కనపడినా, ముక్కిన వాసన వచ్చినా మాత్రం జల్లించడం లేదు, పారేయడమే. తేమ పట్టిన మిరపలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, వండినా పోదు.

బజార్లో విడిగా అమ్మే మిరప పొడి వాడొచ్చా? కల్తీ అంటారు.

ఒక గ్లాసు నీళ్ల మీద పొడి చల్లి చూడండి, రంగు చారలు చారలుగా కిందికి దిగితే కృత్రిమ రంగు కలిసినట్టు. అయితే ఈ పరీక్షకి అన్నీ దొరకవు. 2003లో యూరప్‌లో మిరప సరుకుల్లో బయటపడి పెద్ద గొడవైన సూడాన్ రంగు నూనెలో కరిగేది, నీళ్లలో అది బయటపడదు. కాబట్టి కాయలు కొని, ఎండలో పెట్టి, మిక్సీలోనో మరలోనో దగ్గరుండి ఆడించుకోండి. గుంటూరు జిల్లాలో ఉండి కారం ఆడించుకోలేం అంటే ఎవరూ నమ్మరు. మరకి తీసుకెళ్తే మాత్రం ముందు వాళ్లది తేజ ఆడించి ఉందేమో అడగండి, మర గొంతులో మిగిలినదే మీ పొడిని మండించడానికి చాలు.

చేతులు మండుతున్నాయి, ఏం చేయాలి?

నీళ్లతో కడిగితే పోదు, మంట నూనెలో కరిగే సరుకు. ముందు వంటనూనె రాసుకుని రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. నోరు మండితే మంచినీళ్లు కాదు, పెరుగు లేదా పాలు. మిక్సీ ఆపిన వెంటనే మూత తీయొద్దు, పొడి సద్దుమణిగేదాకా పది నిమిషాలు వదిలేయండి.

చిన్నపిల్లలకి పెట్టొచ్చా?

గుంటూరు కారం, మిరియాలు తీసేసి చేస్తే పెట్టొచ్చు. అలాంటి సీసా ఒకటి విడిగా ఉంచుకుని, పెద్దవాళ్ల ప్లేట్లలో మీద కారం చల్లుకోవడమే సులువు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఒక సీసా పంపిద్దామనుకుంటున్నాను.

అమ్మా, ఇది ఆవిడ ఇంటి పక్క సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, అసలైన ఆంచో కూడా. మీరు గోంగూర పచ్చడి, మంచి గుంటూరు కారం పంపండి. వచ్చేటప్పుడు ఆవిణ్ణే ఆంచో కాయలు పావుకిలో తెమ్మనండి, తెచ్చాక నాకూ నాలుగు ఇవ్వండి.